బంగారయ్య నవ్విన శుక్రవారం

నేను ఒక నలుపు తెలుపు టెలివిజన్ పెట్టెను. కింద నాలుగు కాళ్ళు, ముందు పక్కలకి జరిపే చెక్క తలుపులు, కుడివైపు రెండు గుండ్రటి మీటలు. ఇప్పుడు నా పిక్చర్ ట్యూబు తీసేశారు. ఆ ఖాళీలో యాలకుల డబ్బా, జీడిపప్పు పొట్లాలు, పచ్చకర్పూరం సీసా పెట్టుకున్నారు. నిడదవోలులో వంట మేస్త్రి బంగారయ్య సామాన్ల గదిలో, గుండిగలకీ గంగాళాలకీ మధ్య నా కాపురం. నన్ను చూసి జాలిపడకండి. నాతో పుట్టిన పెట్టెలు చాలామటుకు పాత ఇనుపసామాన్ల కొట్లలో ముక్కలైపోయాయి. నేను మాత్రం నేతి వాసన పీల్చుకుంటూ దర్జాగా ఉన్నాను. మా యజమానురాలు కలర్ టీవీ కొన్నాక నన్ను ఈ ఇంటికే ఎందుకిచ్చిందో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

నేను పుట్టింది హైదరాబాదు శివార్లలో ఒక చిన్న కార్ఖానాలో. పరీక్షలన్నీ అయ్యాక ఇంజనీరు నా నెత్తిమీద ఒక్కటి చరిచి "బాగుంది" అన్నాడు. అది ఆశీర్వాదం అనుకున్నాను. తీరా లోకంలోకి వచ్చాక తెలిసింది, అదే నా బతుకని. బొమ్మ వణికితే నెత్తిన ఒకటి, గీతలు పడితే పక్కన ఒకటి. జ్వరం వచ్చినవాణ్ణి ఏ డాక్టరైనా చెంపమీద కొట్టి బాగుచేస్తాడా? యంత్రాల దగ్గరికి వచ్చేసరికి మనుషులకి తెలిసిన వైద్యం అదొక్కటే. పోనీ, కొట్టినందుకు బొమ్మ సరిగ్గా వచ్చేస్తుంది కూడానూ. అందులో నా తప్పు కొంత ఉంది.

నన్ను కొన్నది మంగతాయారు గారు. రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. పొట్టిగా, తెల్లటి నేత చీరలో, ఎప్పుడూ ఎవరికో సూది వెయ్యబోతున్నట్టు ఉండేది. వీధిలో సగం మందిని ఈ లోకంలోకి లాగింది ఆవిడ చేతులే కాబట్టి ఆవిడ ఎదుట గొంతెత్తే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. నన్ను ఇంట్లో పెట్టుకోకుండా వసారాలో పెట్టించింది. "ఒక్కదాన్నే కూర్చుని చూడ్డానికి నాకేం పిచ్చా?" అంది. సాయంత్రమయ్యేసరికి వీధంతా చాపలు పట్టుకుని దిగేది.

ఒక రహస్యం చెప్తాను. నాలో వచ్చే కథ నేనెప్పుడూ చూడలేదు. ఎలా చూస్తాను? బొమ్మ నా ముఖం మీద పడుతుంది, నా చూపు ఎదుటివాళ్ళ మీద ఉంటుంది. ఎవరి ముఖం వాళ్ళకి కనిపించనట్టే నాకూ నాది కనిపించదు. కథలన్నీ నేను జనం ముఖాలు చూసే తెలుసుకున్నాను. వాళ్ళు పమిట నోట్లో కుక్కుకుంటే శవం కనబడిందన్నమాట. వాళ్ళు ముక్కు చీదితే హీరో చెల్లెలు పోయిందన్నమాట.

ఆ రోజుల్లో శుక్రవారం సాయంత్రం 'ఎర్ర దారం' అని ఒక నేరపరిశోధన సీరియల్ వచ్చేది. వారానికో హత్య, వారానికో కథ. ఇన్‌స్పెక్టర్ ధూర్జటి అని ఒకాయన, పాపం ఎండాకాలంలో కూడా కోటు విప్పేవాడు కాదు, చివర్లో అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి హంతకుడెవరో చెప్పేవాడు. చెప్పేముందు ప్రకటనలు వచ్చేవి. సబ్బు, అగ్గిపెట్టె, పళ్ళపొడి. మా వసారాలో అసలు సీరియల్ అప్పుడు మొదలయ్యేది. మంగతాయారు గారు లేచి నా గొంతు తగ్గించి, "అభిప్రాయాలు!" అనేది. ఒక్కొక్కరూ లేచి హంతకుడెవరో, ఎందుకో చెప్పాలి. తెలీదనడానికి వీల్లేదు. ఇద్దరి పేర్లు చెప్పడానికి వీల్లేదు. తప్పు చెప్పినవాళ్ళు వచ్చే శుక్రవారం అందరికీ చిరుతిండి తేవాలి.

ఈ పద్ధతి వల్ల వీధిలో కొందరు చిక్కిపోయారు, కొందరు ఒళ్ళు చేశారు. ప్లీడరు గుమాస్తా గవర్రాజు ప్రతివారం తప్పే చెప్పేవాడు. కోర్టులో ఉంటాడు కదా, తనకన్నీ తెలుసని ఆయన నమ్మకం. "ముమ్మాటికీ ఆ దివానేనండి, రాసుకోండి!" అని గుండెమీద చెయ్యి వేసుకునేవాడు. గురువారం రాత్రి వాళ్ళావిడ నిట్టూర్చి శనగలు నానబోసుకునేది. రైసు మిల్లులో ఫిట్టరుగా చేసే నూకరాజు యాంటెన్నా తిప్పుతూ డాబా మీదినుంచే అభిప్రాయం అరిచేవాడు. అతనికి బొమ్మ కనబడేది కాదు, కింద వాళ్ళు చెప్పిన కథ విని హంతకుణ్ణి పట్టేవాడు. తరచూ అతనిదే ఒప్పు అయ్యేది. గవర్రాజుకి అది మరీ కష్టంగా ఉండేది.

ఇక బంగారయ్య. బారుగా, నల్లగా, భుజం మీద తడితువ్వాలుతో ఉండే మనిషి. గాడిపొయ్యి మీద పెద్ద గుండిగ పెట్టి వెయ్యిమందికైనా వండగలడు. పనసపొట్టు కూర చేస్తే పెళ్ళికొడుకు పేరు మరిచిపోయినవాళ్ళు కూడా కూరని మరిచిపోయేవారు కాదు. అయితే ఆయన మనసంతా వేషాల మీద. ఊళ్ళో నాటకం ఆడితే భటుడో, దూతో, శవాన్ని మోసేవాడో ఒక ముక్క దొరికేది. దానికే రెండు రోజులు మీసం దువ్వుకునేవాడు.

అలాంటివాడికి 'ఎర్ర దారం'లో వేషం వచ్చింది. కథలో పెళ్ళి భోజనాలున్నాయట. వంటవాడి పాత్రకి ఒక నటుణ్ణి పెడితే తెడ్డు ఎత్తలేక నడుం పట్టేసిందట. నిజమైన వంటవాడు కావాలని వెతుక్కుంటూ వచ్చి బంగారయ్యని తీసుకెళ్ళారు. తిరిగొచ్చాక వీధంతా చుట్టుముట్టింది.

"ఏం లేదండీ బాబూ," అన్నాడు బంగారయ్య సిగ్గుపడుతూ. "పాయసం తిప్పడం, నిలబడ్డం. రెండు ముక్కలండి, అంతే."

ఆ కథ వచ్చిన శుక్రవారం వసారా చాలక వీధిలో చాపలు వేశారు. బంగారయ్య ఉతికిన చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. ఒక జమీందారు ఇంట పెళ్ళి. భోజనాల్లో పాయసం తాగి జమీందారు పడిపోయాడు. మేనల్లుడు, మేనేజరు, రెండో భార్య, అందరిమీదా అనుమానమే. ధూర్జటి అందరినీ గదిలో కూర్చోబెట్టాడు. సబ్బు ప్రకటన మొదలైంది. మంగతాయారు గారు "అభిప్రాయాలు!" అంది.

అందరూ బంగారయ్య మీద పడ్డారు. "నీకు తెలుసు కదయ్యా, చెప్పెయ్!"

"నాకేం తెలుస్తాదండి? నా ముక్క నేను చేసి వచ్చేశాను," అన్నాడాయన అమాయకంగా. తర్వాత గడ్డం గోక్కుని, "ఆ మేనల్లుడి మీదేనండి నా అనుమానం. ఆ కుర్రోడి చూపు మంచిది కాదు," అన్నాడు.

అనుభవం ఉన్న మనిషి చెప్పాడు కదా అని వీధి మొత్తం మేనల్లుడికే ఓటేసింది. డాబా మీంచి నూకరాజు కూడా "మేనల్లుడే!" అని అరిచాడు.

ప్రకటనలు అయిపోయాయి. తర్వాత నా ముఖం మీద ఏం వచ్చిందో నాకు తెలియదు. ఎదురుగా ఉన్నవాళ్ళ ముఖాలు మాత్రం చూశాను. అన్నీ ఒక్కసారి బిగిసిపోయాయి. గవర్రాజు భార్య పక్కావిడ మోచెయ్యి పట్టుకుంది. ఎవరి ఒళ్ళోనో పసిపిల్ల గుక్కపట్టింది. తర్వాత విన్నాను. హంతకుడు వంటవాడేనట. పాత పగతో తనే విషం కలిపాడట. పొయ్యి ముందు తెడ్డు తిప్పుతూ, మెల్లగా తలెత్తి, ఎదురుగా ఉన్నవాళ్ళవైపు చూసి ఒక నవ్వు నవ్వాడట. మాట లేదు, అరుపు లేదు. ఆ నవ్వొక్కటే.

చప్పట్లు కొడతారని బంగారయ్య వెనక్కి తిరిగాడు. ఎవరూ కొట్టలేదు.

"మరి మేనల్లుడన్నావే?" అన్నాడు గవర్రాజు.

"డైరెక్టరు గారు ఎవరికీ చెప్పొద్దన్నారండి. మాటిచ్చానండి."

"మాటివ్వడం వేరయ్యా! మా కళ్ళల్లోకి చూస్తా చెప్పావు. ఒక్క రెప్ప ఆడలేదు, గొంతు వణకలేదు. ఆయ్, ఆ నవ్వు కంటే ఇదే భయంగా ఉంది నాకు!"

అందరూ అవునవునన్నారు. మనుషుల లెక్కలు చూస్తే నాకు నవ్వొస్తుంది. ఏడాదిగా ప్రతి శుక్రవారం ఒక శవాన్ని చూసి హాయిగా ఇంటికెళ్ళి భోంచేసినవాళ్ళు. తమ ఆటలో తమనే ఒకడు బోల్తా కొట్టించేసరికి వాడు ఎంతకైనా తగినవాడని తేల్చేశారు. నటన ఎలా ఉందో ఒక్కరూ చెప్పలేదు. చాపలు చుట్టుకుని వెళ్ళిపోయారు. బంగారయ్య నా ఎదుట కాసేపు కూర్చుని, తనే నా తలుపులు మూసి వెళ్ళాడు.

ఆ వారం వసారాలో నేను విన్న కబుర్లు ఏవీ బాగాలేవు. ఎదురు వీధిలో సీమంతానికి వేరే మేస్త్రిని పిలిచారు. ఒక బారసాల వాళ్ళు ఉప్మా చాల్లే, మేమే చేసుకుంటామన్నారు. ఎవరూ ఆయన్ని అనుమానిస్తున్నామని అనలేదు. అందరూ నవ్వుతూనే చెప్పారు, "తెలుసండి, నాటకమేనండి, కానీ ఎందుకొచ్చిందండి!" అని.

మళ్ళీ శుక్రవారం వచ్చింది. ఆటలో బంగారయ్య చెప్పింది కూడా తప్పే కాబట్టి ఆయనా చిరుతిండి తేవాలి. పెద్ద బేసిన్ నిండా ఉల్లిపాయ పకోడీ వేసి తెచ్చాడు. కరివేపాకు వాసన వీధి చివరిదాకా కొట్టింది. బేసిన్ మధ్యలో పెట్టాడు. ఒక్క చెయ్యి కదల్లేదు.

"పొద్దుట్నించీ కడుపులో అదోలా ఉందండి," అన్నాడు నూకరాజు, ఆ రోజు డాబా దిగి వచ్చి మరీ.

"శుక్రవారం నేను ఉల్లిపాయ ముట్టనండి," అన్నాడు గవర్రాజు. నెల కిందట శుక్రవారమే ఆయన రెండు పొట్లాల పకోడీ ఒక్కడే తినడం నేను చూశాను.

బంగారయ్య తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. ఆయన ముఖం చూడలేక నేను గీతలు వేశాను. ఎవరో అలవాటుగా ఒక్కటి చరిచారు.

మంగతాయారు గారు లేచి వచ్చి బేసిన్లోంచి ఒక పకోడీ తీసుకుని కరకరా నమిలింది. వసారా అంతా ఆవిడ గొంతువైపే చూసింది. "ఉప్పు సరిపోయింది," అని ఇంకోటి తీసుకుంది. తర్వాత అందరివైపూ తిరిగింది. "వారం వారం అన్నెంపున్నెం ఎరగనివాళ్ళని హంతకులని తేలుస్తారు కదా, పెట్టెలో బొమ్మలు కాబట్టి వాళ్ళకేం కాలేదు. ఇతను మన వీధిలో బతికేవాడు, మీ అనుమానం ఇతని కూడు తీస్తుంది. తినండి."

మందు మింగినట్టు తలో పకోడీ తీసుకున్నారు. నూకరాజు మూడోది తినేసరికి కడుపునొప్పి సంగతి మరిచిపోయాడు. గవర్రాజు మాత్రం పకోడీ చేత్తో పట్టుకునే అసలు విషయం బయటపెట్టాడు. వాళ్ళ పెద్దమ్మాయి పెళ్ళి దగ్గరపడింది. వంటకి బంగారయ్యకే తాంబూలం ఇచ్చి ఉన్నాడు. తణుకులో మగపెళ్ళివారు కూడా ఆ కథ చూశారు.

"పెళ్ళికొడుకు పెదనాన్న తాతబ్బాయి గారు కబురెట్టారండి. ఆ మేస్త్రే వండితే మావాళ్ళు విస్తరి ముందు కూర్చోరన్నారండి. ఆడపిల్ల తండ్రిని, నేనేం చెయ్యను చెప్పండి?"

బంగారయ్య మెల్లగా అన్నాడు, "తాంబూలం పుచ్చుకున్న పెళ్ళి చెయ్యి జారిపోయిందని తెలిస్తే ఈ చుట్టుపక్కల నాకింక ఒక్కరు కబురెట్టరండి. గరిటె పక్కన పెట్టేసుకోవడవేనండి. వేరే పని నాకు రాదండి."

మంగతాయారు గారు అంది, "గవర్రాజూ, నీ కూతుర్ని బయటికి తీసింది ఈ చేతులే. పెళ్ళి వంట బంగారయ్యే చేస్తాడు. వాళ్ళు కూర్చోకపోతే ఆ సంగతి నేను చూసుకుంటాను."

ఎలా చూసుకుంటుందో ఆవిడకీ తెలియదని నాకనిపించింది. ఆ రాత్రి సీరియల్లో హంతకుడెవరో నాకిప్పుడు గుర్తులేదు.

పెళ్ళి మా వీధిలోనే. మగపెళ్ళివారి విడిది ఎదురింట్లో. వాళ్ళకి కాలక్షేపంగా ఉంటుందని నన్ను మోసుకెళ్ళి విడిది అరుగు మీద పెట్టారు. నా ముఖం మీద ఏదో క్రికెట్ ఆట, నా చూపు భోజనాల పందిరి మీద. ముహూర్తం పొద్దున్నే అయిపోయింది. పందిట్లో తొలి బంతికి విస్తళ్ళు పరిచారు. పెళ్ళిళ్ళలో తొలి బంతి మగపెళ్ళివారిది. వాళ్ళు తిన్నాకే మిగతావాళ్ళు. ఇది ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ తప్పరు.

విస్తళ్ళ మీద నీళ్ళు చల్లారు. పెళ్ళివారు మాత్రం పందిరి రాటల పక్కన నిలబడి కబుర్లాడుతున్నారు. ఒక్కరూ కూర్చోలేదు. గవర్రాజు చేతులు జోడించుకుని తిరుగుతున్నాడు. వాళ్ళ మధ్యలో పట్టుపంచె కట్టుకున్న భారీ మనిషి, చేతికి నాలుగు ఉంగరాలు, ఆయనే తాతబ్బాయి గారు.

"మాకేం పట్టింపుల్లేవండోయ్," అన్నాడాయన నవ్వుతూ. "ఆ మేస్త్రిని ముందు ఒక విస్తరేసుకుని తినమనండి, పాయసంతో సహా. తర్వాత మేం కూర్చుంటాం. తప్పేవుంది?"

బంగారయ్యకి కబురు వెళ్ళింది. పొయ్యి దగ్గర్నుంచి చెమటతో వచ్చి నిలబడ్డాడు. ఆయన వృత్తిలో ఒక నియమం ఉంది. పెళ్ళివారు తినకముందు వండినవాడు మెతుకు ముట్టడు. ఉప్పు సరిపోయిందో లేదో కూడా ఆవిరి వాసన చూసే చెప్పాలి. రుచి చూస్తే వంటంతా ఎంగిలి.

"చిత్తం అండి. కానీ నా జన్మలో పెళ్ళివారి కంటే ముందు నోట్లో ఏదీ పెట్టుకోలేదండి. ఎంగిలి వంట మీకు పెట్టలేనండి."

"అయితే మేం తినలేమండి," అన్నాడు తాతబ్బాయి గారు, ఇంకా నవ్వుతూనే.

పప్పు మీద ఆవిరి తగ్గిపోతోంది. లోపల్నుంచి పెళ్ళికూతురు తలుపు పక్కన నిలబడి చూస్తోంది. గవర్రాజు కళ్ళలో నీళ్ళు. బంగారయ్య ఆయన్ని చూశాడు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి నేలమీద పరుచుకున్నాడు. "నా మూలాన పిల్ల పెళ్ళి చెడొద్దండి. తింటానండి," అన్నాడు.

"లే బంగారయ్యా," అంది మంగతాయారు గారు.

ఎక్కణ్ణుంచి వచ్చిందో, పందిరి మధ్యకి వచ్చి, తిన్నగా వెళ్ళి తొలి బంతిలో మొట్టమొదటి విస్తరి ముందు కూర్చుంది. పెళ్ళికొడుకు పెదనాన్న కూర్చోవలసిన చోటు అది. "నూకరాజూ, రా. మీరందరూ రండి. ఆకలేస్తోంది," అని కేకేసింది.

వీధి మొత్తం గతుక్కుమంది. ఈసారి భయం విషం గురించి కాదు. మగపెళ్ళివారు నిలబడి ఉండగా ఆడపెళ్ళివారి తాలూకు జనం తొలి బంతిలో కూర్చోవడమా! కానీ ఆవిడ మాట తీసెయ్యలేరు. నూకరాజు కూర్చున్నాడు. అతని పక్కన ఇంకొకరు. చూస్తుండగానే సగం బంతి నిండిపోయింది. "వడ్డించు," అంది ఆవిడ. బంగారయ్య ఆవిడ విస్తరిలో పాయసం వేశాడు. ఆవిడ చేత్తో తీసుకుని తినేసింది.

తాతబ్బాయి గారి నవ్వు ఆరిపోయింది. "ఏవండీ, ఇదేం మర్యాదండీ? మేం నిలబడుంటే మా విస్తళ్ళలో మీరు కూర్చుంటారా?"

"మీరు కూర్చోం అన్నారు కదండి," అంది ఆవిడ తల ఎత్తకుండా. "పిల్లవాడి తరఫున బంతి ఖాళీగా ఉంటే బాగుండదని మేం కూర్చున్నాం. మీరు మలి బంతిలో తిందురుగాని."

"మలి బంతా! మేమా! ఒరేయ్, రండ్రా, అందరూ కూర్చోండి! ముందు మాకు వడ్డించవయ్యా మేస్త్రీ, వాళ్ళకి కాదు!"

మగపెళ్ళివారు ఒక్క ఉదుటున బంతి మీద పడ్డారు. చోటు చాలక ఇద్దరు ఒకే విస్తరి కోసం తోసుకున్నారు. మంగతాయారు గారు మర్యాదగా లేచి తన చోటు తాతబ్బాయి గారికి ఇచ్చింది. కొత్త విస్తరి వేశారు. ఆయన కోపంతో మొదలుపెట్టాడు. పనసపొట్టు కూర దగ్గర కోపం తగ్గింది. పులుసు దగ్గర పూర్తిగా పోయింది. పాయసం మొదటిసారి అనుమానంగా నాకాడు. రెండోసారి అడిగి వేయించుకున్నాడు. మూడోసారి దొన్నె చాపి పందిరంతా వినబడేలా, "మేస్త్రీ! ఆ విషం ఇంకో గరిటె వెయ్యవయ్యా!" అన్నాడు. పందిరి గొల్లుమంది. బంగారయ్య కూడా నవ్వాడు. అది మామూలు నవ్వే. ఎవరూ భయపడలేదు.

సాయంత్రం నాలుగో బంతి కూడా అయ్యాక పందిట్లో ఎవరూ లేరు. బంగారయ్య ఒక్కడే విస్తరి వేసుకుని కూర్చున్నాడు. మంగతాయారు గారు వడ్డించింది. ఆయన అన్నం కలుపుతూ ఆగిపోయాడు.

"అమ్మగారూ, అందరూ భయపడ్డారు, తిట్టారు, తిన్నారు. అంతా అయిపోయింది గానండి... ఆ వేషం ఎలా చేశానో ఎవరూ చెప్పలేదండి. మీరూ చెప్పలేదు."

ఆవిడ గిన్నె కింద పెట్టి ఆయన ఎదురుగా కూర్చుంది. "బంగారయ్యా, శవాల గది పక్కన ఏళ్ళతరబడి రాత్రి డ్యూటీ చేసినదాన్ని. ఆ శుక్రవారం మీరందరూ వెళ్ళాక దాహమేసింది. వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చుకోడానికి కాళ్ళు రాలేదు. పొయ్యి దగ్గర నువ్వు నిలబడి నవ్వుతున్నట్టే అనిపించింది. దాహంతోనే పడుకున్నాను."

"నిజవేనాండి?"

"నాకు అబద్ధం చెప్పడం రాదయ్యా. ముఖంలో తెలిసిపోతుంది. నీ అంత గొప్పదాన్ని కాదు."

బంగారయ్య తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. తర్వాత విస్తరి దగ్గరకి జరుపుకుని, తను వండిన పాయసం తనే అడిగి రెండోసారి వేయించుకున్నాడు. తర్వాత ఎన్నేళ్ళకో కలర్ టీవీ కొన్నప్పుడు, ఆ నవ్వు చూపించిన పెట్టె నీ దగ్గరే ఉండాలంటూ ఆవిడ నన్ను ఈ ఇంటికి పంపింది.